సారు రాసిన కాగితం

దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులకి మేత వేస్తాండే లక్ష్మణప్ప దగ్గరికి, బెంగళూరులో హైకోర్టు జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసే కూతురు నేత్ర వచ్చింది.

“ఆ ఫ్లెక్సు పీకించు నాయనా.”

“యాల పీకించాల? ‘మన ఊరి బిడ్డ ఢిల్లీ సుప్రీం కోర్టుకి’ అని రాపించినా. బస్టాండులో నిలబడి మరీ చదువుతాండారు. తప్పేముండాది?”

“ఉండాది.”

“అక్షరం తప్పా?”

“అక్షరం కాదు. తప్పు నాది. ఆ ఆకు ఆడ పెట్టి నా మాట ఇను.”

“చేత్తో వేస్తా, చెవుల్తో ఇంటా. చెప్పు.”

“మా జడ్జి సారు ఏటా తన క్లర్కుల్లో ఒకర్ని ఢిల్లీ సుప్రీం కోర్టుకి పంపిస్తాడు కదా. ఆయన కాగితం రాసినాడంటే ఆడ మారుమాట ఉండదు.”

“తెలుసులే. ఈ ఏడు ఆ ఒకరు నువ్వే.”

“సారు దగ్గర నాతో పాటు అమరేష్ గూడా క్లర్కుగా ఉండాడు.”

“బాగేపల్లి పిల్లోడు. మనింట్లో ముద్ద తినిపోయినాడు.”

“చెరువు నేల కేసుకి వాడు నలభై పేజీల నోటు రాసినాడు. పది దినాలు సరిగ్గా నిద్రపోలేదు. నా చేతిలో పెట్టి, అమ్మకి ఆపరేషనని ఊరికి పోయినాడు. సారు చదివి, ‘ఎవురు రాసినారమ్మా? శానా బాగుండాదే’ అన్నాడు.”

“అమరేష్ అని చెప్పినావు.”

“కొంచెం ఆకు ఇట్ల ఇయ్యి, నేనూ వేస్తా.”

“చెప్పినావా, లేదా?”

“‘నేనే సార్’ అన్నా.”

“ఛీ!”

“నోట్లోంచి వచ్చేసింది నాయనా. వెనక్కి తీసుకుందామంటే మళ్ళ నోరు రాలేదు. నెల తిరక్కుండానే ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది.”

“వానికి తెలుసునా?”

“తెలీదు. ‘ఆడ చలి ఎక్కువంట, స్వెట్టరు కొనుక్కో’ అని ఫోను చేసినాడు. తిట్టింటే బాగుండు.”

“పక్కోడి తోటలో రాలిన ఆకు గూడా ముట్టనోణ్ణి నేను. నా కడుపున పుట్టి ఇట్లా చేస్తావా?”

“అందుకే రేపు పొద్దున బస్సుకి పోతాండా. సారు ముందర నిలబడి అంతా చెప్తా. నన్ను తీసేసి అమరేష్ పేరు రాయమంటా.”

“రేపా?”

“రేపే.”

“అమరేష్ దగ్గరికి పో. వాని కాళ్ళ మీద పడు. సారు దగ్గరికి యాల?”

“రాసింది సారు కదా.”

“పెద్దోళ్ళు. కోపమొస్తే…”

“రానీ. ఇప్పుడే కదా నువ్వు ఛీ అన్నావు?”

“అన్నా. అన్నా గానీ… సారు దగ్గరికి వద్దు.”

“నాయనా, ఇట్ల చూడు. యాల వద్దు?”

“ఆకు అయిపోయింది. తెస్తా ఉండు.”

“బుట్ట నిండా ఉండాది ఆకు.”

“…చింతామణిలో మీ సారు వాళ్ళక్క కెంపమ్మ లేదూ? ఉగాదికి ఆయమ్మని పిల్చుకొని ఆయప్ప ఇంటికి పోయినా.”

“ఏం పనికి?”

“కాళ్ళు పట్టుకున్నా. ‘లెయ్యప్పా, లెయ్’ అని నా ఎదురుగానే నీ పేరుతో ఢిల్లీకి కాగితం రాసి సంతకం పెట్టినాడు. నీకు చెప్పద్దన్నది గూడా నేనే.”

“ఉగాదికా? అమరేష్ నోటు రాసింది జూన్‌లో కదా!”

“అదేనమ్మా. రాసింది వాడేనని నువ్వు నిజం చెప్పింటే గూడా… ఆయప్ప నిన్నే పంపేటోడు.”