బామ్మర్దితోని చేపలకు పోయిన శుక్రారం

"మామా, నువ్వు మా నాయినను సముద్రంల ముంచినవట గదా? నిజమేనా?"

ముంచిన్నా? గట్ల జెప్పిండా మీ నాయిన! మునిగితే ఇద్దరం మునిగినం రా అల్లుడా. మునిగినం అని గూడ అనరాదు తీ, అది తర్వాత చెప్త. ముందుగాల ఆ పళ్ళెం ఇటు జరుపు. ఈ సాఫీ చేపను పట్టుకునేటప్పుడు జర పైలం, ఈపు మీది ముల్లు గుచ్చితే చెయ్యంత మంట లేస్తది. నేను కడుగుత, నువ్వు ఊకె కూసోని విను.

అప్పటికి నువ్వు పుట్టలే, మీ నాయినకు పెండ్లే గాలే. నేనిక్కడ పాతోణ్ణి, కంపెనీల పికప్ తోలుడు నా డ్యూటీ. "మా తమ్మునికి గూడ ఒక వీసా చూడు" అని మీ అత్త పోరు వెడితే చూసిన, వచ్చిండు. మీ నాయినమ్మ ఒక్క తీరుగ ఏడ్సింది, ఒక్కగానొక్క కొడుకును దుబాయ్ తీస్కపోతున్నవని. ఆమెకు ఇప్పటికీ ఇది దుబాయే గదా. ఖతర్ అత్తమ్మా అంటే, "దుబాయ్ల అది ఏ దిక్కుంటది?" అంటది. ఏం జెప్తం?

ఎటు పోయిన నేను? ఆఁ, మీ నాయిన. వచ్చిన కాడికెళ్ళి మనిషి మనిషి లెక్క లేడు. డ్యూటీకి పోతడు, వస్తడు, క్యాంప్‌ల మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. పిలిస్తే ఊఁ అంటడు, అంతే. ఇప్పుడు నువ్వు ఈడికెళ్ళి మీ అమ్మతోని ఫోన్ల బొమ్మ చూసుకుంట మాట్లాడుతున్నవ్. అప్పుడు ఫోన్ కార్డు గొని, నంబరు గీకి, లైన్ల నిలబడి, బాగున్నవా అని అడిగేలోపట కార్డు ఖతం. ఏం తిన్నవో చెప్పేటందుకు మళ్ళ ఇంకో కార్డు. ఆ కార్డులకే సగం జీతం పెట్టిండు మీ నాయిన.

ఒక గురువారం పొద్దుగూకంగ సంచి సర్దుకొని కూసున్నడు. "శనివారం ఆఫీసుల చెప్త బావా, నన్ను పంపియ్యున్రి అని" అన్నడు. మీ అత్తకేం జెప్పాలె అన్నది ఒకటి. గని అసలు బాధ అది గాదు. ఎన్నో ఏండ్లకు నా మనిషి ఒకడు పక్క మంచం మీద పండుకున్నడు రా. వాడు పోతే ఆ మంచం మీదికి ఎవలో వస్తరు, నేను మళ్ళ ఒక్కణ్ణి. పోవద్దు అని మాత్రం అనలే. "రేపు శుక్రారమే గదా, చేపలకు పోదాం రా" అన్న.

ఫోర్మన్ను అడిగి పికప్ తీస్కొని షమాల్ అని ఉత్తరం కొస దిక్కు పోయినం. ఇగో గిట్లనే చలికాలం. ఎండకాలం నిప్పుల మీద నడిచినట్టుండే దేశం, చలికాలం వచ్చిందంటే ఉత్తరం గాలి చెవులు కోస్తది. నాకు ఆ చలి అంటే ఇష్టం. మాది పోచంపాడు డ్యామ్ కింది ఊరు గదా. గేట్లు మూసినంక డ్యామ్ కింది మడుగుల నీళ్ళు మంచు లెక్కుంటయ్. అండ్ల చేప బద్దకంగ ఉంటది, మెల్లగ కొరుకుతది. మా నాయిన గొంగడి కప్పుకొని, బీడీ తాగుకుంట పొద్దంత కూసునేటోడు. ఆయన నాకు నేర్పింది రెండే. సైరన్ మోగిందంటే గేట్లు తెరుస్తున్నరు, అన్నీ ఇడిసిపెట్టి గట్టెక్కు. నీళ్ళల్ల పడితే కాలు కింద పెట్టకు, బండల సందుల ఇరుక్కుంటది, ఈదుకుంటనే రా.

ఈ రెండు పట్టుకొని నేను సముద్రానికి పోయిన!

పోయే వరకు నీళ్ళు మస్తు దూరం జరిగున్నయ్. ఇసుకల నడుసుకుంట పోయి పోయి ఒక బండ మీద కూసున్నం. గాలం ఏసినం. మూడు షేరి చేపలు పడ్డయ్, ఒకటి మీ నాయినకే పడ్డది. పడితే ఏంది, మొఖం మాత్రం గట్లనే ఉన్నది, సావు ఇంటికి వచ్చినోని లెక్క.

కొద్దిసేపటికి, "బావా, నీళ్ళు పెరుగుతున్నట్టున్నయ్" అన్నడు.

"ఊకో, నీకేం ఎరుక. నీళ్ళు ఇడిస్తే సైరన్ మోగదా?" అన్న.

వాడు అటు చూసిండు, ఇటు చూసిండు. "ఇక్కడ గేట్లు ఏడున్నయ్ బావా?"

అప్పుడు తిరిగి చూసిన. మేం నడిచొచ్చిన ఇసుక లేదు! ఎనుక నుంచి నిండుకుంట వచ్చినయ్ నీళ్ళు, దొంగ లెక్క, చప్పుడు లేకుంట. ఆటుపోట్లు ఎవలు జూసిన్రు రా? నేను సముద్రమంటే పెద్ద చెరువు అనుకున్న. మీ నాయినకా, ఈత రాదు. ఒక్కడే కొడుకని మీ నాయినమ్మ బాయిల గూడ దిగనియ్యలే.

దిగినం. నాలుగడుగులు పోయినమో లేదో, వాడు జారిండు, నన్ను పట్టుకున్నడు, ఇద్దరం పడ్డం. ఇగ నేను వాని అంగి కాలర్ పట్టి ఈదుడు మొదలువెట్టిన. ఉప్పు నీళ్ళు నోట్లె, ముక్కుల. చలికి చేతులు కొయ్యలైనయ్. వాడు, "బావా, నన్ను ఇడిసిపెట్టు, నువ్వన్న పో, అక్క ఒక్కతైతది" అంటున్నడు. నిజంగ అన్నడు రా. మీ నాయిన గసొంటోడు. నేను గట్టిగ తిట్టిన, "నోరు మూస్కో, నిన్ను ఇడిసి నేను పోత అనుకున్నవా" అని. మైసమ్మకు మొక్కిన, ఎల్లమ్మకు మొక్కిన, యాదికొచ్చిన దేవుండ్లందరికి మొక్కిన.

ఒడ్డు మీద ఒక బంగ్లాదేశ్ ముసలాయన వల కుట్టుకుంటున్నడు. లేచి, రెండు చేతులు ఊపుకుంట ఒకటే మొత్తుకుంటున్నడు. "అరే భాయ్, ఖడే హో జావ్! ఖడే హో!"

నిలబడున్రి అంటున్నడు. ఈనికి పిచ్చి లేసిందా, సముద్రంల నిలబడుడేంది అనుకున్న. మా నాయిన మాట యాదికుండె గదా, కాలు కింద పెట్టొద్దని. గని ఇగ చేతులాడుత లెవ్వు, ఏదైతే అదైతదని కాలు దించిన.

నడుముల దాక ఉన్నయ్ రా నీళ్ళు! నడుముల దాక!

నేను నిలబడ్డ. మీ నాయిన ఇంక కండ్లు మూస్కొని కాళ్ళు కొట్టుకుంటనే ఉన్నడు. "లే రా, నిలబడు" అన్న. లేచిండు. బొడ్డు చూసుకున్నడు, నన్ను చూసిండు. ఇగ నవ్వుడు మొదలువెట్టిండు. ఏం నవ్వుడు రా అది! పొట్ట పట్టుకొని, దగ్గుకుంట, మళ్ళ నీళ్ళల్ల పడుకుంట నవ్విండు. క్యాంప్‌ల అడుగుపెట్టినంక వాని పండ్లు చూసుడు నేను అదే మొదలు. నాకు ముందుగాల సిగ్గయింది, తర్వాత నేను గూడ నవ్విన.

చేపలు పోయినయ్, గాలాలు పోయినయ్, నా చెప్పు ఒకటి గూడ పోయింది. ఆ ముసలాయన నవ్వుకుంటనే మాకు ఒక దుప్పటి కప్పిండు, పాలు లేని చాయ్ ఇచ్చిండు, సులేమాని. ఒక్క దుప్పట్ల ఇద్దరం, దవడలు టకటక కొట్టుకుంటున్నయ్. నేను లోపల అనుకుంటున్న, అయిపాయె, ఇగ రేపు పొద్దుగాలనే పోతడు, ఈ లెక్కన ఎవడుంటడు అని.

చాయ్ తాగిండు. గిలాస కింద పెట్టిండు. అటు నీళ్ళ దిక్కు చూసుకుంట, "బావా, వచ్చే శుక్రారం గూడ వద్దామా?" అన్నడు.

తలకాయ ఊపిన, అంతే. మస్తు సంబురమైంది గని చెప్పలే, ఇప్పటిదాక వానికి చెప్పలే. తెల్లారి సంచి ఇప్పిండు, డ్యూటీకి పోయిండు. ఎన్నేండ్లు చేసిండో నీకెరుకే గదా.

సల్లగుండు అల్లుడా. ఎక్కడున్నా నీ పక్కన కూసోని నవ్వేటోడు ఒక్కడు దొరకాలె నీకు, నా ఆయుష్షు గూడ పోసుకొని బతుకు. సరే తీ, పొయ్యి ముట్టియ్యి. ఆకలైతుండొచ్చు నీకు...