ముందు మూడన్న నొప్పి

అమ్మాయి మోకాలిదాకా ఉన్న బిగుతు సాక్సును కిందికి లాగింది. పుట్టినప్పటి నుంచి పిక్క మీద ఉన్న నీలి నరాల ముద్ద సూదిమందు తర్వాత సగమైంది. నర్సు పెన్ను తీసింది.

"నొప్పికి పదిలో ఎంత వేసుకోను?"

"ఎనిమిది వేసుకో అక్కా."

"ఇంజెక్షన్‌కి ముందు మూడే అన్నావు. స్కాన్ చూసి డాక్టరుగారు కూడా సంబరపడ్డారు."

"వాపు తగ్గింది, కాదనను."

"మరి నొప్పెలా పెరిగింది?"

"పెరగలేదు. అప్పుడూ ఇంతే."

"ఇంతే అయితే మూడని ఎందుకు చెప్పావమ్మా?"

"అందరి కాళ్ళూ ఇలాగే లాగుతుంటాయనుకున్నాను. మందు పడ్డాక కొన్నాళ్ళు అసలు నొప్పే లేదు. ఒకరోజు ఆఫీసు మెట్లన్నీ ఎక్కేశాక గానీ నాకో కాలుందని గుర్తే రాలేదు. తర్వాత మళ్ళీ మొదలైంది."

"ఇంకోసారి చేద్దామంటున్నారు. మళ్ళీ కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది."

"పుట్టుకతో వచ్చింది పుడకలతోనే పోతుందని మా అమ్మ అనేది. నొప్పి లేకపోవడమంటే ఏమిటో తెలియనన్నాళ్ళూ ఆ మాట నన్నేమీ చెయ్యలేదు."

"చేయించుకుంటావా, వద్దా?"

"చేయించుకుంటాను. కాకపోతే వచ్చేసారి పది చెప్తానేమో. తిట్టకు."