అరిగిపోతాయని మా బావ దాచుకున్న అడుగులు

ఏంటమ్మా ఆ వాచీ, అడుగులు లెక్కపెడుతుందా? ఇది మా బావ ఉన్న రోజుల్లో రాలేదు, నయం. వచ్చుంటే మా అక్కకి పిచ్చెక్కేది. బావంటే మా పెద్దక్క మొగుడు, పోస్ట్‌మ్యాన్. నువ్వు పుట్టకముందే పోయాడులే. ముప్పై ఆరేళ్ళు ఊళ్ళో ప్రతి గుమ్మం తొక్కిన మనిషి, అక్కతో మాత్రం వీధి చివరిదాకా కూడా నడవలేదు. రిటైరయ్యాక రోజూ నడుద్దామే అనేవాడు. తీరా రిటైరయ్యేసరికి తుంటి కీలు పోయింది.

ఆపరేషన్ చేసి కొత్త కీలు పెట్టారు. తొడెముకకి స్టీలు గుండు, అది తిరగడానికి ప్లాస్టిక్ గిన్నె. డాక్టరు అక్కడితో ఊరుకోవచ్చుగా, ఆ గిన్నె నడిచేకొద్దీ అరుగుతుందనీ, ఏడాదికి వెంట్రుక మందమనీ, ఆ పొడి చేరితే ఎముక వదులవుతుందనీ చెప్పాడు. ఇక చూస్కో. మర్నాడే చక్రాల ఆఫీసు కుర్చీ తెప్పించాడు. దానిమీద కూర్చుని మంచి కాలితో నేలని తన్నుకుంటూ ఇల్లంతా తిరిగేవాడు. పిల్లి తోక రెండుసార్లు నలిగింది. గడప దగ్గర ఇరుక్కుంటే అక్క వచ్చి తొయ్యాలి. లేచి రెండడుగులు వెయ్యరాదా అంటే, "నీకేం, అరిగేది నాది" అనేవాడు, తపాలా కవరు మీద స్టాంపు తక్కువైందని చెప్పే గొంతుతో. ఏం చెప్తున్నా... ఆఁ, అక్క. రోజూ సాయంత్రం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది. ఈయన కుర్చీలోంచే, నువ్వెళ్ళిరావే, నేను అడుగులు దాస్తున్నా అనేవాడు. ఒక్కతే వెళ్ళేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎనిమిదేళ్ళకి ఎక్స్‌రే తీయించాం. నేనూ వెళ్ళాన్లే. గిన్నె కొత్తదానిలా ఉందన్నాడు డాక్టరు. బావ నా వంక చూసి మీసం దువ్వాడు. "గిన్నె సరేనండీ, కాలు చూశారా, కట్టెపుల్లయింది. ఇన్ని అడుగులు ఎవరికోసం దాచారు?" అన్నాడు డాక్టరే. బావ చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. అక్క మాత్రం కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

మెట్లు దిగాక ఆటో వద్దన్నాడు. "ఎనిమిదేళ్ళవి మిగిలాయే. అన్నీ నీకే" అన్నాడు అక్కతో. ఇద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని మైలు దూరం రెండు గంటలు నడిచారు. వెనకాల ఆటోలో నేనొక్కణ్ణే, వాళ్ళ ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని. ఆటోవాడు నవ్వలేక చచ్చాడు. ఆ తర్వాత ఒక్క సాయంత్రం మానలేదు.

రెండేళ్ళే. గుండెపోటొచ్చి పోయాడు. పలకరించడానికొచ్చిన డాక్టరు, పాపం ఏమనాలో తెలీక, ఆ గిన్నె ఇంకో పదేళ్ళు వచ్చేదమ్మా అన్నాడు. అక్క అప్పటిదాకా ఏడవలేదు.

"ఆ పదేళ్ళ అడుగులూ నావండీ, ఆయన పట్టుకుపోయారు" అంది.

... వానొచ్చేలా ఉంది, లేమ్మా, ఆ దండెం మీద బట్టలు తియ్యి.