మీ నాన్నగారు అల్లిన జడ

ఆగరా, ఆగాగు, అది ఆ నల్ల సంచిలో వెయ్యకు. తడిసినా సరే, వెయ్యకు. ఇటివ్వు. బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చి అన్నీ పాడైనా ఇదొక్కటీ మిగిలింది, ఏ దేవుడి దయో. ఇస్త్రీ బల్ల మీద ఆరబెడదాం, ఆ టవల్ పరుచు. నెమ్మదిగా, కాగితాలు అంటుకుపోయి ఉన్నాయి. ఏమిటా? ఇది ‘ఇరుగుపొరుగు’ అని మన తెలుగువాళ్ళ పత్రిక. పత్రికంటే అచ్చూ గిచ్చూ ఏం లేదు, ప్రమోద ఆంటీ అని మన పక్క ఊరు నేపర్‌విల్‌లో ఉండేవారు, నీకు తెలీదులే, నీకు రెండేళ్ళప్పుడే కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. ఆవిడే చేత్తో రాసి, కాపీలు తీసి, స్టేపుల్ కొట్టి, ముప్పై ఇళ్ళకి పోస్టులో పంపేవారు. మగాళ్ళందరూ మంచు మీద పద్యాలు రాసి ఇచ్చేవారు. ఆవిడకేమో అవి పట్టేవి కావు. "మంచు మా కిటికీలోంచి కూడా కనబడుతోందండీ, మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి" అనేవారు. ఆఁ, ఆ బొమ్మా ఆవిడ వేసిందే. ఆ కళ్ళద్దాలాయన మీ నాన్నగారు. కింద కూచున్న పిల్ల అక్క. సోఫాలో పడుకున్నది నేను, నా ముక్కు అంత పొడుగేం కాదులే. నువ్వా? నువ్వు లేవు అందులో. మొహం అట్లా పెట్టకు. ఆల్బమ్‌లోనూ లేను, ఇక్కడా లేను, అక్కకయితే నాన్నతో బోలెడు ఫోటోలున్నాయి, నాకొక్కటీ లేదు అంటావు. నాకు తెలుసురా. పోయిన్నెల మీ స్కూల్లో నాన్నతో దిగిన ఫోటో తెమ్మన్నప్పుడు నువ్వు ఆల్బమంతా రెండుసార్లు తిప్పడం నేను చూడలేదనుకున్నావా? చెప్తా. కూచో.

నువ్వు పుట్టింది డెబ్భై తొమ్మిది జనవరిలో. ఆ ఏడు మంచు ఎంత పడిందంటే, పొద్దున్నే కారెక్కడుందో పారతో తవ్వి వెతుక్కోవాల్సి వచ్చేది. నాకు ఆపరేషన్ చేసి నిన్ను తీశారు. మెట్లెక్కొద్దు, చేతులు పైకెత్తొద్దు, బరువు మొయ్యొద్దు అన్నాడు డాక్టరు. మా అమ్మ వద్దామంటే వీసా అవలేదు. ప్రమోద గారూ వాళ్ళూ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో సాంబారు పోసుకుని తెచ్చిపెట్టేవాళ్ళు, తిండికి లోటు లేదు. కానీ అక్క జడ? దానికప్పుడు ఏడేళ్ళు, జుట్టు నడుం దాకా ఉండేది. జడ నేనెయ్యలేను. మీ నాన్నగారేమో మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికందిస్తే తాగే మనిషి. ఫ్యాక్టరీలో మెషీన్ల డ్రాయింగులు గీసే ఉద్యోగం, ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కానే. మాట తక్కువ. నాకంటే తక్కువంటే చూసుకో మరి. "కత్తిరించేస్తే పోలా, ఇక్కడి పిల్లలందరికీ పొట్టి జుట్టేగా" అన్నారు. అంతే, మీ అక్క కింద పడి దొర్లి ఏడ్చింది. ఆయన లేచి గరాజ్‌లోకి వెళ్ళిపోయారు. కోపమొచ్చిందనుకున్నా. కాసేపటికి బట్టలారేసే తాడు మూడు ముక్కలు చేసి పట్టుకొచ్చి, ఫ్రిజ్ హ్యాండిల్‌కి కట్టి, కింద బాసింపట్టు వేసుకుని కూచున్నారు. ఇక మొదలు. నేను సోఫాలోంచి చెప్పడం, ఆయన అల్లడం, ఊడదీయడం. "కుడి పాయ మధ్యకి... ఇప్పుడు ఎడమ పాయ మధ్యకి..." గళ్ళ కాగితం తెచ్చి బొమ్మ గీసుకున్నారు, పాయలకి ఎ, బి, సి అని పేర్లు. "ఇదుగో, దీనికి టెన్షన్ ఎంత ఉండాలి?" అని అడిగారు నన్ను. టెన్షనేమిటండీ, లాగి అల్లండి అన్నా. కుట్లు నొప్పెడుతున్నా నవ్వు ఆగలేదు.

మర్నాడు వేశారు చూడు! చెవి పక్కనుంచి మొదలై భుజం మీదికి తిరిగింది. పిల్లేమో "డాడీ, ఇట్ హర్ట్స్" అంటుంది, ఆయనేమో "కదలకు, సి తప్పిపోతోంది" అంటారు. స్కూల్ బస్సు హారన్ కొడుతోంది. క్లాసులో టీచరు ఇదేమిటమ్మా అనడిగితే, మా డాడీ బిల్డ్ చేశారు, ఆయన ఇంజనీరు అని చెప్పిందట. ఈ ముచ్చటంతా నేను ప్రమోద గారికి ఫోన్‌లో చెప్పా. అదే నేను చేసిన పని. నలుగురిలో నాకు నోరు పెగిలేది కాదురా. ఇప్పుడు మాత్రం పెగులుతోందా? అందరూ ఎమ్మేలు చదివిన ఆడవాళ్ళు, నేను అయిదో క్లాసుతో ఆగినదాన్ని, ఎక్కడికెళ్ళినా ఓ మూల ప్లేటు పట్టుకుని నించునేదాన్ని. కానీ శనివారం పొద్దున అక్క కార్టూన్లు చూస్తున్నప్పుడు ఆవిడ ఫోన్ చేసి "ఏం శశికళా, ఈ వారం ఏం విశేషాలు?" అంటే మాత్రం, ఎక్కణ్ణించి వచ్చేవో మాటలు, అలా వచ్చేస్తూనే ఉండేవి. నాకు ఈ దేశంలో ఉన్న స్నేహితురాలు ఆవిడొక్కతే. నేను చెప్పిందంతా ఆవిడ ఇదుగో, ఇలా రాసేశారు, బొమ్మ కూడా వేసి. ఆ ఉగాదికి స్కూలు హాల్లో అందరం కలిశాం. శ్యామ్‌సుందర్ గారని పెద్ద గొంతాయన, "ఏవండీ ఆదిశేషు గారూ, మా అమ్మాయి పెళ్ళి జడ మీకే బుక్ చేస్తున్నా, డేట్ ఖాళీ పెట్టుకోండి!" అన్నారు. హాలంతా నవ్వు. మీ నాన్నగారి చెవులు ఎర్రగా అయిపోయాయి. పులిహోర సగంలో వదిలేశారు.

నేను తప్పు చేశాననుకున్నా. ఆయన పరువు తీసేశాననుకున్నా. ఆయన నన్నేమీ అనలేదు, అదే ఇంకా భయం. మరుసటి శనివారం ఫోన్ మోగితే తియ్యలేదు. పది సార్లు మోగి ఆగింది. ఆ పై శనివారమూ అంతే. గరిటె పట్టుకుని స్టవ్ దగ్గర నించుని వినేదాన్ని, ఇవాళ ఆగిపోతే ఇక ఎప్పటికీ చెయ్యరేమో అని. నాలుగో శనివారం ఆయన హాల్లో ఉన్నారు. మోగుతోంది, నేను కదల్లేదు. ఆయనే లేచొచ్చి తీశారు. "నమస్కారమండీ. ఆదిశేషుని. మీ పత్రికలో ఒక పొరపాటు పడింది" అన్నారు, ఆఫీసులో మాట్లాడినట్టు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నా. "జడ వంకర అని రాశారు. వంకర మొదటి వారమేనండీ. రెండో వారం నుంచి నిటారుగానే ఉంది. మూడో వారం రెండు జడలు కూడా వేశాను. అది అసలు రాయనే లేదు" అన్నారు. ఫోన్‌లోంచి ఆవిడ నవ్వు నాకు స్టవ్ దాకా వినపడింది. అందుకా, ఇన్నాళ్ళూ ముడుచుకుని ఉన్నది! పరువు పోయిందని కాదు, పని తప్పుగా రాశారని. ఆ పై సంచికలో సవరణ వేశారు కూడా, అది ఈ నీళ్ళల్లో పోయినట్టుంది. సరే, అసలు సంగతి ఇక్కడుంది, విను. ఫోన్ పెట్టేసే ముందు ఆయన అన్నారు, "ఇంకోటి కూడా ఉందండీ. అసలు ముఖ్యమైనది మా ఆవిడ మీకు చెప్పినట్టు లేదు, మా బాబు..." నేను గరిటె పడేసి రెండు చేతులూ ఊపా, వద్దు వద్దని. ఆయన నా వంక చూశారు. "ఏం లేదులెండి, ఉంటాను" అని పెట్టేశారు.

దిష్టి రా. ఇంకేముంది. అక్కకీ నీకూ మధ్య ఒకడు నిలవలేదు, నీకు తెలుసుగా. మీ నాయనమ్మ ఉత్తరం రాసింది, తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించేదాకా పిల్లాడికి ఫోటో తియ్యొద్దు, నలుగురి నోళ్ళలో పెట్టొద్దు అని. అప్పటికి ఇక్కడ గుడెక్కడిది? డిసెంబరులో టికెట్లు. సెప్టెంబరులో ఆయన ఆఫీసులో కూచున్నచోటే గుండె ఆగి... సరే. ఎవరికి దిష్టి తగులుతుందని దాచానో వాడు ఇదుగో, గుండ్రాయిలా నా ముందు కూచున్నాడు. ఇలా జరుగుతుందని నాకేం తెలుసురా? తెలిస్తే రోజుకో ఫోటో తీయించేదాన్ని. నీకు ఒక్క ఫోటో లేకపోవడం నా మూలానే. మీ నాన్నగారిది కాదు తప్పు. ఆయన చెప్పబోయారు.

ఏం చెప్పబోయారా? నువ్వప్పుడు ఊరికే ఏడుస్తుండేవాడివి. పడుకోబెడితే ఏడుపు, ఒళ్ళో పెట్టుకుంటే ఏడుపు, ఎవరో ఒకరు ఎత్తుకుని మొయ్యాలి. నేను మొయ్యకూడదు. జడకి ఆయనకి రెండు చేతులూ కావాలి. అందుకని నా పాత నేత చీర మడిచి, నిన్ను గుండెకి ఆనించి, వెనక నుంచి భుజం మీదుగా తెచ్చి కట్టుకునేవారు. ఆ ముడి కూడా ఆయనే కనిపెట్టారు. ఇస్త్రీ చొక్కా మీద చీర మూట, అందులో నువ్వు, నీ తల సరిగ్గా ఆయన గడ్డం కింద. అలా నించుని ఎ, బి, సి అనుకుంటూ అల్లుతుంటే, ఆ గొంతుకి నువ్వు నోరు మూసి నిద్రపోయేవాడివి. బస్సు వెళ్ళిపోయాక కూడా విప్పేవారు కాదు, ఆఫీసుకి టైమయ్యేదాకా అలాగే ఇల్లంతా తిరిగేవారు. ఇది అక్కకి తెలీదు. అది అటు తిరిగి కూచునేది కదా, లేస్తూనే బస్సుకి పరుగు, దానికి ఫ్రిజ్ తలుపు తప్ప ఇంకేం కనపడేది? చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. నువ్వు రాసుకో, ఇంగ్లీషులోనే రాసుకో, స్కూలుకి పట్టుకెళ్ళు, అందరికీ చూపించు. ఇప్పుడు దిష్టీ లేదు గిష్టీ లేదు.

ఎక్కడికిరా? పెన్సిలా... ముందు కాళ్ళు తుడుచుకుని ఎక్కు, మెట్లన్నీ తడి.