కొనుక్కున్న ఏడేళ్లు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా కౌంటీ లైబ్రేరియన్ కన్సెప్టా గారికి, ఇంత గాలివానలో మా ఎరిస్ ప్రాంతం నలుమూలల నుంచి వచ్చిన పెద్దలకు, ఇన్నేళ్లూ నా లైబ్రరీ వ్యాను మెట్లెక్కిన పాఠకులకు, ముందు వరసలో టై బిగుసుకుపోయి అవస్థపడుతున్న మా ఆయన ఫింటన్‌కు నమస్కారాలు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా ఈ డింప్నాకు భయమంటే తెలియదన్నారు, రోడ్లు మంచు కట్టినా బండి ఆపలేదన్నారు. ఆ మాట మాత్రం నిజం కాదు. పద్నాలుగేళ్లుగా నేను వణుకుతూనే బండి నడిపాను.

మా అమ్మ యాభై రెండో ఏట గుండె ఆగి పోయింది. మా పిన్ని యాభై నాలుగో ఏట. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఆలస్యంగా ఉద్యోగంలో చేరినదాన్ని కనుక నా పింఛనుకు సర్వీసు చాలదు. నాకు యాభై ఒకటో ఏడు నడుస్తుండగా, జీతాల విభాగంలోని నోరీన్, అదుగో ఆ తలుపు దగ్గర దాక్కుంది చూడండి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"రెండు దార్లున్నాయే. జీతంలో కోయించుకుని ఏడేళ్ల సర్వీసు కొనుక్కున్నావనుకో, రిటైరయ్యాక బతికినన్నాళ్లూ పింఛను ఎక్కువొస్తుంది. కాదంటే అదనపు పొదుపులో వేసుకో. అది నీ పేరున ముల్లెలా పెరుగుతుంది. మధ్యలో నీకేమన్నా అయితే ఇంటివాళ్లకి చేరుతుంది. కొన్న సర్వీసుకి అలా ముల్లె రాదు."

సాయంత్రం ఫింటన్‌ను అడిగాను. గొర్రె గిట్టలు కత్తిరిస్తూ తలెత్తకుండానే అన్నాడు. "పొదుపే మేలు కదే. మీ అమ్మ సంగతి చూశాంగా."

తప్పేమీ అనలేదు. కానీ ఆ క్షణాన ఆయన నన్ను అప్పుడే మట్టిలో పెట్టి వచ్చినట్టనిపించింది. మర్నాడు వెళ్లి ఏడేళ్ల సర్వీసుకే సంతకం పెట్టి, ఇంటికొచ్చి, "పొదుపులోనే వేశాను" అన్నాను.

అక్కణ్నుంచీ భయం. యాభై ఏడో ఏట బాంగోర్ ఊరు దాటాక ఛాతీ పట్టేసింది. వ్యాను పక్కకు ఆపాను. దేవుడు గుర్తు రాలేదు, పిల్లలు గుర్తు రాలేదు. నేను పోయాక ఫింటన్ టోపీ చేత్తో పట్టుకుని, లేని ముల్లె కోసం నోరీన్ బల్ల ముందు నిలబడటమే కళ్లకు కట్టింది. ఆసుపత్రిలో స్టెంటు వేశాక చెప్పబోయాను. "ఫింటన్, ఆ పొదుపు…" "ఇప్పుడా డబ్బు గోల? నోర్మూసుకుని పడుకో" అన్నాడు. చెప్పే ధైర్యం మళ్లీ రాలేదు.

ఈ రోజూ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను. ఫింటన్, ముల్లె లేదు. ఎన్నడూ లేదు.

(ముందు వరసలోంచి ఫింటన్ గొంతు.)

"తెలుసే. నువ్వు సంతకం పెట్టిన వారానికే ఇంటికి కాగితమొచ్చింది. విప్పి చూశాను."

మరి అడగలేదేం?

"అడిగితే రద్దు చేసుకుంటావని భయమేసింది. నువ్వు బతుకుతానని సంతకం పెట్టి వచ్చావు. దాన్ని కొట్టేయమని ఏ నోటితో అననే?"

(డింప్నా చేతిలోని కాగితాలు తిరగేస్తుంది.)

క్షమించాలి. ఇంకా రెండు పేజీలు రాసుకొచ్చాను, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నాకిప్పుడు అరవై అయిదు. ఈ వయసులో ఎలా ఉండాలో చెప్పడానికి మా ఇంట ఆడదిక్కు ఒక్కరూ మిగల్లేదు. సోమవారం నుంచి వ్యాను ఎక్కే పని లేదని తలుచుకుంటే ఇప్పటికీ భయమే. ఒకే వంటింట్లో, ఒకే బల్ల దగ్గర, పద్నాలుగేళ్లు ఇద్దరం ఎవరి భయం వాళ్లం దాచుకుని టీ తాగామన్నమాట. ఇకమీదట కలిసే భయపడతాం.

నోరీన్‌కు, కన్సెప్టా గారికి, ఇంత ఓపికగా విన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు. పక్క గదిలో శాండ్‌విచ్‌లు ఎండిపోతున్నాయి, వెళ్లి తినండి. నాకు సెలవిప్పించండి, మా ఆయన పక్కన కూర్చోవాలి.