కోసిన పిట్టలు

మిర్యాలగూడలో రిటైరైన లెక్చరర్ కృష్ణమూర్తి, సూర్యాపేట నుంచి వచ్చిన సుజాత టీచర్‌కు కాదనలేక గోడకు అద్దాల పటాల్లో తగిలించిన తన పాత పిట్టల బొమ్మలు చూపిస్తున్నాడు.

“అన్నీ చేత్తోనే రంగులేసినయా సార్?”

“అవునమ్మా. అచ్చు నల్లగనే పడతది. మీదికెల్లి ఒక్కొక్క ఈకకు కుంచెతోని రంగు అద్దిండ్రు. నూటయాభై ఏండ్లాయె, ఆ పాలపిట్ట నీలం సూడు, జరంత గూడ మాయలె.”

“యాడ దొరికింది సార్?”

“యాడనో... హైదరాబాద్‌ల. పాత పుస్తకాల దుకాణంల. చాయ్ తాగుతవా?”

“వద్దు సార్. గా లకుముకి పిట్ట?”

“అదీ గాడనే.”

“వడ్రంగి పిట్ట?”

“అన్నీ గాడనే అంటున్న గదమ్మా! బడి పిల్లలకు సూపిస్తనంటివి, ఫొటోలు తీసుకో మరి.”

“మా నాన్న పెంటయ్య, సార్.”

“ఏ పెంటయ్య?”

“సూర్యాపేటల లైబ్రరీ అటెండర్. మీరు రోజూ వస్తుంటిరంట.”

“వస్తుంటి... శానా ఏండ్లాయె. యాదికి లేదు.”

“పిట్టల పుస్తకంల పన్నెండు కాయితాలు పోయినయని నాన్నను పనిలకెల్లి తీసేసిండ్రు. దొంగ పెంటయ్య అన్నరు. నేనప్పుడు ఆరో తరగతి. బడికి పోనని ఏడిస్తి.”

“అయ్యో. గట్ల జరిగిందా?”

“మీకు తెల్వదా సార్?”

“తెల్వ... ఇన్న. ఎవరో అంటే ఇన్న.”

“పాలపిట్టను జర దించుతరా? వెనక సూస్త.”

“ఎందుకమ్మా, అద్దం పగులుతది.”

“నేను పట్టుకుంట.”

“వద్దు. వద్దు బిడ్డా... వెనక లైబ్రరీ ముద్ర ఉంటది.”

“సార్...”

“నేనే కోసిన. బ్లేడుతోని. మీ నాన్న నాకోసమే చాయ్ తేనీకి పోయిండు, గప్పుడు. ఒక్కటే అనుకున్న. ఒక్కటి కోసినంక చెయ్యి ఆగలె. ఆయనను తీసేసిన దినం గూడ గాడనే ఉన్న. నోరు లేవలె. ఇంటికి ఎవరొచ్చి మెచ్చుకున్నా నాకు తల ఎత్తబుద్ధి కాదు.”

“ముప్పై ఏండ్లు, సార్.”

“రేపే సూర్యాపేటకొస్త. అందరి ముందట మీ నాన్న కాళ్లు పట్టుకుంట. ఆయనకు నువ్వు చెప్పకు, నేనే...”

“నాన్నకు అప్పటిసందే ఎరుక సార్. బయట ఆటోల కూసున్నడు. లోపలికి రమ్మంటే రాలె. ‘నన్ను సూస్తే సారు సిగ్గుతోని సచ్చిపోతడు, నువ్వే పో బిడ్డా’ అన్నడు.”