పసుపు గీతకి ఇవతల

"వీసా అంటే ఏముందిరా, మీ ఇంటికొస్తున్నామని ముందే కబురు పెట్టి, రమ్మనిపించుకోవడం. కొన్ని పాస్‌పోర్టులకి ఆ కబురే అక్కర్లేదు, తిన్నగా లోపలికెళ్ళిపోతారు. కొందరికి దిగాక అక్కడే ముద్రేస్తారు. మనకి మాత్రం బయల్దేరకముందే చేతిలో ఉండాలి. అది లేకుండా ఓ దేశం చూసొచ్చినవాణ్ణి నన్ను తప్ప ఇంకొకణ్ణి చూపించండి, ఈ మీసం తీసేస్తా!"

మిట్టమధ్యాహ్నం, నా టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని విమానం మామయ్య మొదలెట్టాడు. ఎప్పుడో ఓసారి విమానమెక్కానని చెప్పుకుంటాడు కాబట్టి అందరికీ ఆయన విమానం మామయ్యే. ఎదురుగా పోస్ట్‌మాన్, ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"వీసా లేకుండా విమానం ఎలా ఎక్కనిచ్చారు మామయ్యా?"

"కౌంటర్లో అమ్మాయి అడిగింది, వీసా ఏదండీ అని. ఓ నవ్వు నవ్వాను. అంతే, బోర్డింగ్ పాస్ తెచ్చి చేతిలో పెట్టింది."

"ఆ నవ్వేదో ఓసారి నవ్వు, మేమూ చూస్తాం."

"ఇప్పుడు పళ్ళు కదుల్తున్నాయిలే. విను. దిగాను. అద్దం వెనకాల ఆఫీసరు వీసా అన్నాడు. లేదన్నాను. వాడు కోప్పడలేదు, కేకలెయ్యలేదు, దాంతోనే నాకు భయం పట్టుకుంది. ఓ తలుపు చూపించి, పిలుస్తాం కూర్చోండి అన్నాడు. లోపలికెళ్తే పొడుగాటి గది, ఒక్క కిటికీ లేదు, నేల మీద అడ్డంగా పసుప్పచ్చ గీత. గీతకి అవతల వాళ్ళ దేశం. ఇవతల ఏ దేశమూ కాదు. ఇవతలంతా కుర్చీలు, కుర్చీల్లో జనం, ఒళ్ళో ఫైళ్ళు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నారు. పక్కాయన్ని, ఎంతసేపయిందండీ అనడిగా. ఇప్పుడే వచ్చానన్నాడు. ఆయన చేతిలో పేపరుందే, దాని మీద తేదీ చూద్దును కదా, మా నాన్న పెళ్ళినాటిది!"

"కొయ్యి, కొయ్యి," అన్నాడు పోస్ట్‌మాన్. నవ్వాడు గానీ సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

అప్పుడే పక్క కొట్టు టైలరక్క వచ్చి, ఒక టీ అని, మామయ్య వెనక బెంచీ మీద కూర్చుంది. తల్లి పోయాక ఆవిడే పెంచిన తమ్ముడు, నాలుగేళ్ళ కిందట, 'దిగాక వీసా ఇస్తారు' అన్న ఓ ఏజెంటు మాట నమ్మి బయల్దేరాడు. ఆ రోజు నుంచి ఫోను లేదు, ఉన్నాడో లేడో తెలీదు. ఇక చాలించమని మామయ్యకి కళ్ళతో సైగ చేశాను. ఆయనకి అది 'కానియ్' అన్నట్టు తోచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకలెయ్యదు, గడ్డం పెరగదు. టీ ఇచ్చారు, మూడు రోజులైనా దాని మీద ఆవిరి తగ్గలేదు. ఊసుపోక పాస్‌పోర్టు తీశాను. ఫొటోలో నా జుట్టు నెరిసిపోయింది! పరుగున అద్దం దగ్గరికెళ్ళి చూసుకుంటే తల నల్లగానే ఉంది. ఆ గదిలో అందరికీ అంతేనట, మనిషి కుర్చీలోనే ఉంటాడు, వయసు ఫొటోకొస్తుంది. ఒకావిడ తన పాస్‌పోర్టు తెరిచి చూపించింది. ఫొటో ఉండాల్సిన చోట వట్టి కుర్చీ ఉంది."

"మామయ్యా, టీ చల్లారిపోతోంది," అన్నాను.

"ఆగరా! మైకులో పేర్లు పిలుస్తూనే ఉంటారు. ఒక్కరూ లేవరు. ఎందుకో తెలుసా? అక్కడ ఎవరి పేరు వాళ్ళకి గుర్తుండదు."

"నీకు గుర్తుందా?" పోస్ట్‌మాన్ గొంతు తగ్గింది.

"నాకూ లేదు. అందుకే ఏ పేరు పిలిచినా లేచేద్దామనుకున్నా. పిలిచారు. నా పక్క కుర్చీలో కుర్రాడు పెదాలు కదిపాడు, ఆ పేరు తనదో కాదో తేల్చుకోలేక. ఈలోగా నేను లేచి, వాడి పేరు మీద గీత దాటేశా. వెనక్కి తిరిగి చూస్తే వాడు నావంకే చూస్తున్నాడు. నీలం చొక్కా, పైనుంచి మూడో గుండీ ఒక్కటే ఆకుపచ్చది..."

"మామయ్యా," అంది టైలరక్క.

ఆయన తిరిగి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వెప్పుడొచ్చావమ్మా? ఉత్త కోతలమ్మా ఇవి, పట్టించుకోకు. ఆ గదీ లేదు, గీతా లేదు."

"గది లేదని నాకూ తెలుసు. చొక్కా ఉంది. వాడు బయల్దేరిన రోజు తెల్లారేదాకా కూర్చుని నేనే కుట్టాను. నీలం గుండీ ఒకటి తక్కువైతే ఆకుపచ్చది వేశాను. బస్సుకి టైమైపోతోందని అలాగే తొడుక్కుని పోయాడు. ఇక్కడ ఆ చొక్కా చూసినదాన్ని నేనొక్కదాన్నే. నువ్వూ ఆ రోజుల్లోనే వెళ్ళావు గానీ, వెళ్ళింది వేరే దేశమన్నావని నిన్నెప్పుడూ అడగలేదు. చెప్పు, ఎక్కడ చూశావు?"

మామయ్య మీసం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"ఎయిర్‌పోర్టులో."

"విమానంలోనా?"

"నేను విమానమే ఎక్కలేదమ్మా. దిగాక ఇస్తారట కదా అన్నాను ఆ కౌంటర్లో అమ్మాయితో. మీ పాస్‌పోర్టుకి అలా ఇవ్వరండీ, ముందే ఉండాలి, లేకపోతే ఎక్కనివ్వం అని పక్కకి జరగమంది. నా వెనకే వాడు. వాడికీ అదే మాట. ఇద్దరం బయట బెంచీ మీద కూర్చుండిపోయాం."

"అయితే... వాడు వెళ్ళనే లేదా?"

"లేదు. అక్క కళ్ళు పోయేలా కుట్టి పంపింది, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అని ఏడ్చాడు. కనబడ్డానని చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నేనైతే ఓ వారం ఎక్కడెక్కడో తిరిగొచ్చి, దేశం చూసొచ్చానని కోశాను. ఇంటికి రావడానికి నాకంతకంటే దారి లేకపోయింది. వాడికి అబద్ధమాడటం చేతకాదమ్మా."

పోస్ట్‌మాన్ తల దించుకున్నాడు. టైలరక్క ఏడవలేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"విమానం చప్పుడైనప్పుడల్లా కుట్టు ఆపి పైకి చూస్తున్నాను, నాలుగేళ్ళుగా," అంది. "ఎటెళ్ళాడు?"

"రైల్వే స్టేషన్ వైపు. ఏ రైలో గుర్తులేదమ్మా. ఒట్టు, నిజంగా గుర్తులేదు."

"గుర్తొచ్చేదాకా అక్కడే కూర్చుందాం. లే."